చన్నీళ్ల కొళాయిలో వేణ్ణీళ్లు

పూర్వము మన పెరడులలో నీళ్లు కాగుట కంటి కెదుట జరుగు పని. కాగు క్రింద మంట తగ్గినచో నీళ్లు చల్లగా నుండెడివి; మంట హెచ్చినచో సలసల మరిగెడివి. నీళ్లేల కాగలేదని యెవరు నడుగ నక్కఱ లేకుండెను. పొయ్యిలోని తడికట్టెలే బదులు చెప్పెడివి. నేడు కాగు స్థానమున గీజరు వచ్చి గోడ నెక్కినది. నీరు వచ్చు గొట్టములును, పోవు గొట్టములును గోడలలో దాగినవి. కార్యము మాత్రము కొళాయి చివర మన చేతిలో పడుచున్నది; కారణము కంటికి కానరాదు.

అందుచేతనే యిండ్లలో కొన్ని వింతలు పుట్టుచున్నవి. వైశాఖమాసపు మధ్యాహ్నమున చన్నీళ్ల కొళాయి త్రిప్పినచో చేయి చుఱుక్కుమనును. పుష్యమాసపు ప్రాతఃకాలమున వేణ్ణీళ్ల కొళాయినుండి మంచువంటి నీళ్లు వచ్చును. స్నానము సగములో నుండగా నీరు ఒకమాఱు కాలును, మఱొకమాఱు వణకించును. గీజరు చెడినదని వెంటనే నిశ్చయించి, క్రొత్తదానికి వేలకొలది రూపాయలు వెచ్చింతుము. వింత మాత్రము పోదు. నెలజీతముతో గడచు సంసారమున ఇది చిన్న నష్టము కాదు. అంతకంటె ముఖ్య మైనది మఱొకటి కలదు. ఈ వింతలలో కొన్ని వట్టి చికాకులు. కొన్ని ప్రమాదమునకు ముందు వచ్చు సూచనలు. ఏది యేదియో వేఱుపఱుప నేర్చుట గృహిణికి మిక్కిలి యవసరము.

సోదరీమణులారా! ఇందుకు యంత్రశాస్త్రము చదువ నక్కఱలేదు. అన్నంభట్టు తన తర్కసంగ్రహమున, పొగను బట్టి నిప్పు నూహించు విధమును చెప్పుచు, ఆ రెండును కలిసి యుండు చోటునకు దృష్టాంతముగా చూపినది వంటయిల్లు; నిప్పు లేనందున పొగయు లేని చోటునకు చూపినది మడుగు. మన వంటయిల్లే తార్కికులకు పాఠశాల యైనప్పుడు, ఆ పాఠము మనకు కష్టమగునా? దాని సారమును మన పనికి ఇట్లు వాడుకొనవచ్చును. అనుమానించిన కారణ మున్నప్పుడెల్ల కార్యము కనబడవలయును. ఆ కారణమును తొలగించినప్పుడు కార్యమును తొలగిపోవలయును. మొదటిది అన్వయము, రెండవది వ్యతిరేకము. గీజరును అనుమానించినచో ఒకదినము దానిని ఆపి చూడుడు. చన్నీళ్ల కొళాయిలోని వేడి అప్పటికిని పోకున్నయెడల, దోషము గీజరుది కాదు.

పనివానిని పిలుచుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలయును. ఈ వింత ఎక్కడ కనబడుచున్నది, ఒక్క కొళాయిలోనా, ఇంటిలోని యన్నిటిలోనా? ఎప్పుడు కనబడుచున్నది, పగటియెండలోనా, గీజరు వేసినప్పుడా, ప్రక్క కొళాయి విప్పినప్పుడా? ఎంతసేపుండును, మొదటి రెండు చెంబుల వఱకా, బకెట్టు నిండువఱకా? ఈ మూడింటికి సమాధానము దొరకినచో సగము రోగము తెలిసినట్లే.

నీరు నడచు దారి

ముందుగా నీరు నడచు దారిని మనసున నిలుపుకొనుడు. మేడమీది ట్యాంకునుండి నీరు గొట్టము గుండ క్రిందికి దిగును. స్నానపుగది యొద్ద అది రెండు పాయలగును. ఒక పాయ నేరుగా చన్నీళ్ల కొళాయికి పోవును. రెండవ పాయ గీజరు నడుగుభాగమున ప్రవేశించి, వేడెక్కి, వేఱొక గొట్టమున వెలువడి వేణ్ణీళ్ల కొళాయికి చేరును. వేడినీరు తేలిక యగుటచే గీజరులో పైకి తేలును. అందుచేత లోపలి పొడుగుపాటి గొట్ట మొకటి పైభాగమునుండి ఆ నీటిని తీసికొనివచ్చును. ఈ రెండు పాయలును మరల మిక్సరు కొళాయిలో కలియును. ట్యాంకు, ఎండ తగులు గొట్టము, గీజరు, మిక్సరు - ఈ నాలుగు చోట్లనే వింతలన్నియు పుట్టును.

ఎండకాలపు వేడి

రెంటచింతల, రామగుండము వంటి ఊళ్లలో వేసవి యెట్లుండునో తెలుగువారికి చెప్ప నక్కఱలేదు. ఆ యెండలో మేడమీది నల్లని ట్యాంకు పొయ్యిమీది కాగువంటిదే. అయితే వేడి ట్యాంకుదా, గొట్టముదా యని తెలిసికొనుట యెట్లు? కొళాయి క్రింద బకెట్టు పెట్టి విప్పుడు. ముక్కాలంగుళపు గొట్టము మీటరు పొడవునకు సుమారు 300 మిల్లీలీటర్ల నీటిని పట్టును. పది మీటర్ల గొట్టములో నుండునది 3 లీటర్లే. కావున మొదటి మూడు నాలుగు లీటర్లు మాత్రము కాలి, పిమ్మట నీరు చల్లబడినచో, ఎండతగులు గోడమీది గొట్టమే కారణము. బకెట్టు నిండినను వేడి తగ్గకున్నచో కారణము ట్యాంకు.

గొట్టము కారణమైనచో దానికి వేడి నాపు నురుగు తొడుగు వేయించిన చాలును. ట్యాంకు కారణమైనచో దానిపై నీడ కల్పింపవలయును. రేకుల పందిరియైనను, తాటాకుల పందిరియైనను సరియే. తెల్లని ట్యాంకు నల్లనిదానికంటె తక్కువ వేడెక్కును. నీటిని ప్రొద్దుటనే నిండుగా ఎక్కించుట మేలు, ఏలన నిండు ట్యాంకు వేడెక్కుటకు సగము ట్యాంకుకంటె ఎక్కువసేపు పట్టును. మధ్యాహ్నమునకు కావలసిన నీటిని ఉదయమే పట్టి లోపల మూతవేసి యుంచుకొన్నచో, పసిబిడ్డల స్నానమునకును, కాళ్లు కడుగుకొను ముసలివారికిని బాధ లేదు.

చన్నీళ్లలో వేడి చొరబడుట

ఎండ లేని దినములలో కూడ చన్నీళ్ల కొళాయిలో వేడినీరు వచ్చినచో విషయము వేఱు. ఇందుకు ముఖ్యముగా రెండు కారణములు కలవు.

మొదటిది వెనుకనడక. నీరు గీజరులోనికి పోవుచోట, తిరిగి వెనుకకు రాకుండ నాపు చిన్న వాల్వు ఒకటి యుండును. దానినే పనివారు ఎన్.ఆర్.వి. యందురు. కొన్ని గీజరులలో నీటి యొత్తిడిని తగ్గించు వాల్వును, ఇదియు ఒక్కటిగానే అమర్చబడి యుండును. అది చెడినను, అసలు లేకున్నను, వేడెక్కి వ్యాపించిన నీరు వచ్చిన దారినే పైకి ప్రాకి చన్నీళ్ల గొట్టములో చేరును. దీని గుఱుతు, గీజరు వేసిన కొంతసేపటికి ప్రక్కనున్న చన్నీళ్ల కొళాయిలో మొదటి చెంబు మాత్రము వేడిగా వచ్చి, తరువాత చల్లబడుట.

రెండవది మిక్సరులో కలగలుపు. ఇప్పటి స్నానపుగదులలో కొన్నింట మిక్సరునకు చేతిలో పట్టుకొను షవరు తగిలించి యుందురు. దాని చివర నొక మీట యుండును. స్నానము ముగించి మిక్సరు పిడులు రెండును కట్టక, ఆ మీటను మాత్రము విడిచినచో నీరు ఆగును. పని ముగిసినదని మన మనుకొందుము. కాని లోపల వేడిపాయయు చలిపాయయు ఒకదానితో నొకటి కలిసియే యుండును. ఏ పాయలో ఒత్తిడి తగ్గిన నా పాయలోనికి రెండవది చొరబడును. వంటయింట చన్నీళ్లు విప్పినచో వేడినీరు రావచ్చును. వేణ్ణీళ్లు విప్పినచో గోరువెచ్చగా మిగులవచ్చును. మిక్సరు లోపలి రబ్బరు వలయములు అరిగినప్పుడును, పిడులు కట్టినను, ఇదే ఫలితము.

దీనికి సులభమైన పరీక్ష కలదు. గీజరు మెయిన్ స్విచ్చి ఆపుడు. గీజరులోనికి నీరు పోవు వాల్వును కట్టివేయుడు. ఇప్పుడు వేణ్ణీళ్ల కొళాయిని విప్పుడు. గీజరు దారి మూసినాము గనుక, గొట్టములో మిగిలిన కొద్దినీరు కాఱిన పిమ్మట ధార నిలిచిపోవలయును. నిలువక వచ్చుచునే యున్నచో, చన్నీళ్లు ఎక్కడనో వేణ్ణీళ్ల గొట్టములోనికి చొరబడుచున్నవని నిశ్చయము. అపుడు ఒక్కొక్క మిక్సరు క్రిందనుండు చిన్న వాల్వులను వరుసగా కట్టుచు రండు. దేనిని కట్టగానే ధార ఆగునో అదియే దోషి. మా వీధిలోని యొక యింట గీజరు మార్చవలసినదేనని పనివాడు చెప్పిన పిమ్మట, ఆ యింటి కోడలు ఈ పరీక్ష చేసి, పైయంతస్తులో వాడుకలేని స్నానపుగది మిక్సరు పిడులు విప్పియుండుట కనుగొన్నది. పిడులు కట్టుటతో వ్యాధి కుదిరినది. ఒక్క రూపాయియు ఖర్చు కాలేదు.

వేణ్ణీళ్లు చల్లగా వచ్చుట

వేణ్ణీళ్ల కొళాయి చల్లగా వచ్చినప్పుడు మొదట లెక్క చూడవలయును. 15 లీటర్ల నీటిని 25 డిగ్రీలనుండి 60 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు కాచుటకు 2,000 వాట్ల గీజరునకు సుమారు 18 నిమిషములు పట్టును. చలికాలమున నీరు 18 డిగ్రీలతో మొదలైనచో 22 నిమిషములు కావలయును. విద్యుత్తు ఒత్తిడి 230 వోల్టులనుండి 180 వోల్టులకు పడిపోయినచో అదే 18 నిమిషముల పని అరగంట యగును. అయిదు నిమిషములు వేసి, నీరు కాగలేదని గీజరును నిందించుట న్యాయము కాదు.

రెండవ లెక్క వాడుకది. 60 డిగ్రీల 15 లీటర్లను 25 డిగ్రీల నీటితో కలిపినచో, స్నానమునకు తగిన 40 డిగ్రీల నీరు సుమారు 35 లీటర్లు వచ్చును. అనగా రెండు చిన్న బకెట్లు. నలుగురు వరుసగా స్నానము చేయు ఇంట మూడవవారికి చన్నీళ్లే మిగులుట దోషము కాదు, గణితము. వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడన్న సామెత ఇచ్చట అక్షరాల నిజము. ఆ తోడు ఎంతవఱకో తెలిసిన చాలును.

నీరు పట్టగానే కాచు చిన్న గీజరులు మఱొక జాతి. 3,000 వాట్ల చిన్న గీజరు నిమిషమునకు 2 లీటర్ల ధారను సుమారు 21 డిగ్రీలు వేడెక్కించును. ధారను 4 లీటర్లకు పెంచినచో 11 డిగ్రీలకు మించదు. అట్టివారు కొళాయిని సన్నగా విప్పుకొనుటే మందు.

ఈ లెక్కలన్నియు సరిపోయినను నీరు కాగకున్నచో, దోషము లోపల నున్నది. గీజరు కాగుటకు పూర్వముకంటె హెచ్చుసేపు పట్టుచు, లోపల గురగుర శబ్దము వినబడినచో, ఎలిమెంటుపై సున్నపుపొర కట్టినదని తలపవచ్చును. బోరునీరు కాచిన గిన్నె అడుగున పట్టు తెల్లని పెచ్చు అదియే. కఠినజలములో కరగియున్న సున్నము వేడికి విడివడి అంటుకొనును. బోరునీరు వాడు ఇండ్లలో ఏటికో, రెండేండ్లకో ఒకమాఱు పనివానిచే శుభ్రము చేయించుట మేలు. లేకున్న వేడి నీటికి చేరక ఎలిమెంటే కాలిపోవును. దీపము వెలుగుచున్నను గంటకైనను నీరు వెచ్చబడనిచో ఎలిమెంటు కాలినదని అనుమానింపవలయును. మొదటి చెంబులు బాగుగా కాగి, వెంటనే చల్లబడినచో, గీజరు లోపలి పొడుగుపాటి గొట్టము విఱిగి యుండవచ్చును. క్రొత్తగా బిగించిననాటి నుండియే అట్లున్నచో, గొట్టములు తాఱుమాఱుగా తగిలించిరేమో చూడుడు. గీజరుపై నీలిగుఱుతు చన్నీళ్లు పోవు చోటు, ఎఱ్ఱగుఱుతు వేణ్ణీళ్లు వెలువడు చోటు.

స్నానము నడుమ మాత్రమే వేడి మాఱుచున్నచో, అదే సమయమున వంటయింటనో, పెరటిలోనో కొళాయి విప్పినారేమో కనుగొనుడు. ఒక్క సన్నని గొట్టముపై అన్ని కొళాయిలును ఆధారపడిన యిండ్లలో, చన్నీళ్లు వేఱుచోటికి మళ్లగానే స్నానము చేయువారిపై వేడిపాలు హెచ్చును. పసివారు స్నానము చేయునంతసేపు ఇతర కొళాయిలు విప్పరాదని యింట నొక కట్టుబాటు పెట్టుకొనుట మేలు.

సూర్యరశ్మితో నీరు కాచు యంత్రము గల ఇండ్లలో, రాత్రి యెక్కువ నీరు వాడినచో ఆ మేరకు చన్నీళ్లు వచ్చి చేరును. తెల్లవాఱుసరికి దానిని కాచుటకు సూర్యుడు లేడు. మేడనుండి దిగు పొడుగుపాటి గొట్టములోని చల్లని నీరు ముందుగా వచ్చుటయు సహజమే. ఆ నీటిని పాఱబోయక బకెట్టున పట్టుకొన్నచో వేణ్ణీళ్లలో కలుపుకొనవచ్చును.

నీరు మితిమీఱి కాలుట

వేణ్ణీళ్లకు ఇండ్లు కాలవని సామెత. ఇండ్లు కాలకపోవచ్చును గాని బిడ్డల మేను కాలును. 1947లో మారిట్జ్, హెన్రిక్స్ అను అమెరికా పరిశోధకు లిరువురు వేడినీరు చర్మము నెంతసేపటిలో కాల్చునో పరీక్షించి ప్రకటించిరి. 49 డిగ్రీల నీటికి లోతుగా కాల్చుటకు పది నిమిషముల దరిదాపుగా పట్టును. 60 డిగ్రీల నీటికి అయిదు సెకండ్లు చాలును. ఇది పెద్దవారి చర్మమునకు చెప్పిన మాట. పసిబిడ్డల చర్మము పలుచన గనుక ఇంకను త్వరగా కాలును. వృద్ధులు వేడిని గ్రహించి వెనుకకు తగ్గులోపలనే గాయమగును.

అట్లని గీజరును 40 డిగ్రీలకు తగ్గించి యుంచుటయు మంచిది కాదు. 20 నుండి 45 డిగ్రీల నడుమ నిలువయున్న గోరువెచ్చని నీటిలో లీజియోనెల్లా యను సూక్ష్మక్రిమి పెరుగును. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున పలువురి ప్రాణములను గొన్న ఊపిరితిత్తుల వ్యాధికి అదియే మూలమని తేలినది. కావున గీజరులో నీరు 60 డిగ్రీలు, ఒంటిమీద పడు నీరు 40 డిగ్రీల లోపు. ఈ రెంటికిని నడుమ మన చేయి యుండవలయును. బిడ్డకు నీళ్లు పోయునపుడు తొట్టిలో ముందు చన్నీళ్లు పోసి, తరువాత వేణ్ణీళ్లు కలుపుడు. అపుడు కాలు నీరు తొట్టి యడుగున ఒంటరిగా నెన్నడు నుండదు. బాగుగా కలియబెట్టి మోచేతితో చూడుడు. పనులలో కాయలు కాచిన అరచేయి నమ్మదగినది కాదు. జ్వరము చూచు థర్మామీటరు దీనికి పనికిరాదు. అది 42 డిగ్రీల దరిదాపున ఆగిపోవును.

ఇంతవఱకు చెప్పినవానిలో పెక్కులు ఓపికతో చూచుకొన దగినవి. ఈ క్రింది నాలుగు మాత్రము ఒక్క నిమిషమైనను ఆలస్యము చేయరానివి.

వేణ్ణీళ్ల కొళాయినుండి ఆవిరియో, బుసకొట్టుచు చిమ్ము మరుగునీరో వచ్చినచో, వేడిని అదుపుచేయు థర్మోస్టాటు పని మానినదని తెలియవలయును. మెయిన్ స్విచ్చి ఆపి, కొళాయి కట్టి, గీజరు తానై చల్లాఱువఱకు దానిజోలికి పోక, పనివానిని పిలువుడు.

గీజరు ప్రక్క వాల్వునుండి కాగునప్పుడు కొన్ని చుక్కలు కాఱుట సహజము. నీరు వేడికి వ్యాపించును గనుక హెచ్చైనది అచ్చట వెలువడును. చుక్కలు పడుచున్నవని దానిని గుడ్డతోనో, బిరడాతోనో మూయరాదు. ఆ దారి మూసినచో గీజరు పగులవచ్చును. ధారగా కాఱినచో మాత్రము బాగుచేయింపవలయును.

నీళ్లు తాకినపుడుగాని, కొళాయి ముట్టినపుడుగాని చేయి జిల్లుమన్నచో అది విద్యుత్తు. తడిచేతితో గీజరు స్విచ్చి ముట్టక, ఇంటి మెయిన్ ఆపి బయటికి రావలయును. ఎర్తు సరిగా నున్నదో లేదో విద్యుత్తు పనివానిచే పరీక్షింపించువఱకు ఆ గదిలో స్నానము వలదు.

గ్యాసుతో కాగు గీజరు ఎన్నడును మూసిన స్నానపుగదిలో నుండరాదు. అది గదిలోని గాలిని వాడుకొని, కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువును విడువవచ్చును. దానికి రంగు లేదు, వాసన లేదు. స్నానము చేయువారు తలతిరిగి పడిపోవుదురు. మన దేశమున ఇట్లు ప్రాణములు పోయినవి. దానిని బయట గాలి యాడుచోట బిగింపవలయును. మంట సరిగా మండక నీరు వేడి తగ్గినను వెంటనే ఆపి చూపింపవలయును.

ఇక పనివాడు వచ్చినపుడు మనము చెప్పవలసిన మాట యొకటి. నీళ్లు కాగుట లేదని మాత్రము చెప్పినచో వాడు తనకు తోచినది మార్చిపోవును. మొదటి చెంబు మాత్రము వేడిగా వచ్చుచున్నది, గీజరు ఆపినప్పుడు రాదు, ప్రక్కగదిలో ఈ లక్షణము లేదని చెప్పినచో, వాడును ఆలోచించి పని చేయును. మన ధనమును నిలుచును. ఇంట ట్యాంకు వాల్వు, గీజరు వాల్వు, విద్యుత్తు మెయిన్ ఎక్కడెక్కడ నున్నవో గృహిణికే కాక, ఎదిగిన పిల్లలకును చూపి యుంచుడు. ఒక సెలవుదినమున, అవసరము లేనపుడే, వానిని కట్టి విప్పి చూడుడు. ఏండ్ల తరబడి త్రిప్పని వాల్వు కావలసిననాడు తిరుగదు.